బుడమేరు వరద తర్వాత వచ్చిన కామెర్లు: ఒక లాబ్రడార్‌లో లెప్టోస్పైరోసిస్

2024 సెప్టెంబరు 14, శనివారం సాయంత్రం బ్రూనోను నా క్లినిక్‌కు తీసుకొచ్చారు. నాలుగేళ్ల మగ లాబ్రడార్. వాళ్లది విజయవాడ సింగ్‌నగర్. ఆ నెల ఒకటో తారీఖున బుడమేరు వాగు ముంచెత్తిన పేటల్లో అదీ ఒకటి. రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదన్నారు. ఆ రోజు పొద్దుటి నుంచి మూడుసార్లు కక్కుకుంది. లేచి నిలబడితే వీపు బిగబట్టి, అడుగు తీసి అడుగు వేయడానికి బాధపడుతోంది. జ్వరం 103.8. చెవుల్లో నాలుగైదు గోమార్లు. కళ్లు కొంచెం ఎర్రబడ్డాయి గానీ చిగుళ్లలో పసుపు ఛాయ ఎక్కడా లేదు.

రెండు రోజుల పాటు నేను ఈ జబ్బును టిక్ ఫీవర్‌గా, అంటే గోమార్లు అంటించే జ్వరంగా చూశాను. జ్వరం, గోమార్లు, పడిపోయిన ప్లేట్‌లెట్లు కలిసి వస్తే మన దగ్గర ఆ పేరు తేలిగ్గా నోటికొస్తుంది, చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. బ్రూనో విషయంలో కాలేదు. ఆ రెండు రోజుల్లోనే దాని కిడ్నీలు దెబ్బతిన్నాయి. వానాకాలంలో ఇలాంటి కేసు మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు పనికొస్తుందని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొదటి రోజు

రక్తం తీసి కౌంట్లు మాత్రం చూశాను. హిమోగ్లోబిన్ 12.6, తెల్లకణాలు 21,400, అందులో న్యూట్రోఫిల్స్ 88 శాతం, ప్లేట్‌లెట్లు 62,000. స్లైడు మీద టిక్ ఫీవర్ తెచ్చే క్రిములు, ఎర్లీషియా గుంపులు (మొరూలా) గానీ బెబీసియా గానీ, కనిపించలేదు. కనిపించకపోయినంత మాత్రాన లేనట్టు కాదు కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఆగలేదు. ఆగాల్సింది తెల్లకణాల దగ్గర. ఎర్లీషియాలో తెల్లకణాలు మామూలుగా ఉండడమో, తగ్గడమో ఎక్కువగా చూస్తాం. 21 వేలు దాటి, అందులో ముదరని బ్యాండ్ కణాలు కూడా కనిపిస్తుంటే, లోపల ఎక్కడో బ్యాక్టీరియా గట్టిగా పనిచేస్తోందని రక్తం చెబుతున్నట్టు. ఆ అంకె చూశాను, రాసుకున్నాను, పక్కన పెట్టేశాను.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు రాశాను. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు మెలాక్సికామ్ ఇంజెక్షన్ ఒకటి ఇచ్చాను. క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది) చూడలేదు. మూత్రం చూడలేదు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గిన కుక్కకు, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలుసుకోకుండా నొప్పి మందు ఇవ్వకూడదని కాలేజీలో చదువుకున్నాం, రోజూ జూనియర్లకు చెబుతుంటాం. కిడ్నీకి రక్తం తగ్గినప్పుడు లోపలి రక్తనాళాలను తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. మెలాక్సికామ్ సరిగ్గా వాటినే ఆపుతుంది. శనివారం సాయంత్రం రద్దీలో ఆ పని నేనే చేశాను.

ఆదివారం ఇంటావిడ ఫోన్ చేశారు. "మాత్ర వేసిన పావుగంటకే కక్కేస్తున్నాడండి. పెరుగన్నంలో కలిపి పెట్టినా అంతే." పెరుగు వద్దు, వట్టి అన్నంలో పెట్టండి, రేపు పొద్దున్నే తీసుకురండి అన్నాను. పాలు, పెరుగు డాక్సీ ఒంటికి పట్టడాన్ని కొంత తగ్గిస్తాయి. ఎటూ ఆ మాత్రలేవీ కడుపులో నిలవలేదు.

మూడో రోజు: డికాక్షన్ రంగు మూత్రం

సోమవారం పది గంటలకు బ్రూనోను దుప్పట్లో పడుకోబెట్టి మోసుకొచ్చారు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పసుపు పూసినట్టున్నాయి. కంటి తెల్లగుడ్డు, చెవి లోపలి చర్మం, పొట్ట కింద వెంట్రుకలు లేని చోటు అంతా అదే రంగు. నడుము దగ్గర రెండు పక్కలా వేళ్లతో నొక్కితే మూలిగింది. జ్వరం పోయి 99.6కి దిగింది. ఇలా ఉన్న కుక్కలో వేడి తగ్గిందంటే సంతోషించాల్సిన విషయం కాదు. బరువు 29 కిలోలు. మామూలుగా 31 ఉండేది.

"నిన్న రాత్రి వరండాలో పోశాడండి. తెల్ల టైల్స్ మీద చూస్తే కాఫీ డికాక్షన్‌లా ఉంది. పొద్దుటి నుంచి అసలు పోయలేదు" అన్నారావిడ.

శనివారం అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. వరదప్పుడు కుక్క ఎక్కడుందమ్మా?

"మూడు రోజులు డాబా మీదే ఉన్నామండి, వీణ్ణి కూడా ఎక్కించుకున్నాం. నీళ్లు తీశాక కిందికి దిగాం. మేం బురద ఎత్తిపోస్తుంటే వీడూ అందులోనే పొర్లాడు. సంపు మూత కొట్టుకుపోతే ఆ నీళ్లు కూడా తాగాడు. ఎలకలైతే చెప్పొద్దండి, డ్రైనేజీలోవన్నీ ఇంట్లోకొచ్చాయి."

లెప్టోస్పైరోసిస్ తెచ్చే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా బతకడానికి ఇంతకంటే ఏం కావాలి? ఎలుకల కిడ్నీల్లో అది ఏ హానీ చేయకుండా, అవి బతికున్నంత కాలం కాపురం ఉంటుంది. వాటి మూత్రంతో బయటికొచ్చి తడి నేలలో, నిలవ నీళ్లలో వారాలు, ఒక్కోసారి నెలలు బతుకుతుంది. ఎండకు, పొడికి చచ్చిపోతుంది. నీళ్లలో నాని మెత్తబడ్డ అరికాలి చర్మం, చిన్న గీత, నోటి పొర, కంటి పొర, ఏదో ఒక దారిన లోపలికి వెళ్తుంది. కుక్కల్లో జబ్బు బయటపడడానికి సుమారు వారం పడుతుంది. ఒకటో తారీఖున వరద, నీళ్లు తీశాక బురద, పన్నెండున అన్నం మానేయడం. తేదీలు చక్కగా కలిశాయి.

ఆ రోజు రక్తంలో క్రియాటినిన్ 6.8, యూరియా నైట్రోజన్ 128, ఫాస్ఫరస్ 9.4. బిలిరుబిన్ (కామెర్ల పసుపు పదార్థం) 7.4, లివర్ ఎంజైములు ఎ.ఎల్.పి. 612, ఎ.ఎల్.టి. 142. సోడియం 136, పొటాషియం 4.1. ప్లేట్‌లెట్లు 38,000కు పడ్డాయి. లివర్ కణాలు కుప్పలుగా చస్తే ఎ.ఎల్.టి. వేలల్లోకి పోతుంది. ఇక్కడ అది కొద్దిగానే పెరిగింది, బిలిరుబిన్, ఎ.ఎల్.పి. మాత్రం బాగా పెరిగాయి. లెప్టోలో తరచూ కనిపించే పద్ధతి ఇది: లివర్ కణాలు బతికే ఉంటాయి, పైత్యరసం కదలడం ఆగిపోతుంది. కామెర్లు రావడానికి ఇంకో దారి బెబీసియా. అది ఎర్రకణాలను పగలగొడుతుంది. అదే అయితే హిమోగ్లోబిన్ ఈపాటికి బాగా దిగిపోవాలి. బ్రూనోకు 12.1 ఉంది.

నాకు అసలు సమాధానం మూత్రంలో దొరికింది. కాథెటర్ వేస్తే బ్లాడర్‌లో ముప్పై మి.లీ. కూడా లేదు. ఆ కొంచెంలోనే స్ట్రిప్ ముంచాను. బిలిరుబిన్ మూడు ప్లస్‌లు, ప్రొటీన్ రెండు ప్లస్‌లు. చక్కెర గడి ఆకుపచ్చ దాటి గోధుమ రంగుకు తిరుగుతోంది, రెండు ప్లస్‌లు. వెంటనే గ్లూకోమీటర్‌తో రక్తంలో చక్కెర చూశాను: 98. షుగర్ జబ్బు లేదు, రక్తంలో చక్కెర ఎక్కువ లేదు, అయినా మూత్రంలోకి వచ్చేస్తోంది. కిడ్నీ వడపోసిన చక్కెరనంతా తిరిగి రక్తంలోకి లాక్కునే పని ప్రాక్సిమల్ ట్యూబ్యూల్స్‌ది. లెప్టోస్పైరాలు చేరి దెబ్బకొట్టేదీ ఆ నాళికలనే. స్పెసిఫిక్ గ్రావిటీ 1.012. అంత డీహైడ్రేషన్‌లో ఉన్న కుక్క మూత్రం చిక్కగా, 1.030 పైన ఉండాలి. సెంట్రిఫ్యూజ్ తిప్పి అడుగున చేరింది స్లైడు మీద చూస్తే ఫీల్డుకు రెండు మూడు గ్రాన్యులర్ కాస్ట్‌లు కనిపించాయి. చచ్చిన నాళిక కణాలు పోత పోసినట్టు గొట్టాల ఆకారంలో బయటికొస్తున్నాయి.

ఆ స్ట్రిప్ ఖరీదు పది రూపాయలుంటుందేమో. శనివారం దాన్ని ముంచి ఉంటే బహుశా ఆ రోజే తెలిసేది.

స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ ఉబ్బి, కార్టెక్స్ మామూలు కంటే తెల్లగా కనిపించింది. కుడి కిడ్నీ చుట్టూ సన్నటి గీతలా నీరు. స్ప్లీన్ మామూలుగానే ఉంది. టిక్ ఫీవర్ అయితే అది చాలావరకు పెద్దదవుతుంది.

ర్యాపిడ్ కిట్ పెట్టిన చిక్కు

ఆ రోజే ర్యాపిడ్ కిట్ కూడా పెట్టాను. ఎర్లీషియా గీత స్పష్టంగా వచ్చింది. పక్కనున్న జూనియర్ "సార్, ఎర్లీషియానే కదా, మనం చేసింది కరెక్టే" అన్నాడు. ఆ కిట్ చూపేది యాంటీబాడీలను. ఎర్లీషియా ఎప్పుడో సోకి తగ్గిపోయినా యాంటీబాడీలు నెలలు, ఏళ్లు ఉండిపోతాయి. గోమార్లు ఎప్పుడూ పట్టుకునే మన ఊళ్లలో ఆరోగ్యంగా తిరిగే కుక్కల్లో కూడా ఎన్నింటికో ఆ గీత వస్తుంది. "ఈ కుక్కను ఎప్పుడో ఎర్లీషియా తాకింది" అన్నంత వరకే దాన్ని నమ్మాలి. ఇవాళ్టి కామెర్లకు, 6.8 క్రియాటినిన్‌కు కారణం అదేనని ఆ గీత చెప్పదు. శనివారం ఈ కిట్ పెట్టి ఉంటే నేను ఇంకా గట్టిగా తప్పుదారిలో పోయేవాణ్ణేమో.

ఈ జబ్బుకు వేరే జబ్బు పేరు పెట్టడం కొత్త కాదు. 1907లో అమెరికాలో స్టిమ్సన్ అనే వైద్యుడు, ఎల్లో ఫీవర్‌తో చనిపోయాడనుకున్న ఒక మనిషి కిడ్నీ ముక్కలో సన్నటి మెలికల క్రిములను చూశాడు. కొస వంకీ తిరిగి ప్రశ్నార్థకంలా ఉన్నాయని వాటికి ఇంటరోగాన్స్ అని పేరు పెట్టాడు. ఆ పేరే ఇప్పటికీ ఉంది. 1915లో జపాన్‌లో ఇనాడా, ఇడో ఈ క్రిమిని పట్టుకుని కామెర్ల జ్వరానికి కారణం ఇదేనని తేల్చారు. ఆ తర్వాత కూడా నొగుచి అంతటి పేరున్న శాస్త్రవేత్త 1919లో లెప్టోస్పైరాయే ఎల్లో ఫీవర్ తెస్తుందని ప్రకటించాడు, నిజానికి అది తెచ్చేది వైరస్. జ్వరం, కామెర్లు, రక్తస్రావం కలిసి వచ్చిన చోట మైక్రోస్కోపు పట్టుకున్నవాళ్లు కూడా పొరపడ్డారు.

శాంపిల్ ముందు, మందు తర్వాత

అనుమానం గట్టిపడగానే యాంటీబయాటిక్ ఎక్కించాలని చెయ్యి లాగుతుంది. పది నిమిషాలు ఆగి శాంపిల్స్ తీశాను. ఇ.డి.టి.ఎ. ట్యూబులో 2 మి.లీ. రక్తం, శుభ్రమైన డబ్బాలో మిగిలిన మూత్రం, ప్లెయిన్ ట్యూబులో సీరం. పి.సి.ఆర్.కి (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్షకు) రక్తం, మూత్రం రెండూ పంపాలి. మొదటి వారం, పది రోజులు క్రిమి రక్తంలో తిరుగుతుంది. తర్వాత కిడ్నీ చేరి మూత్రంలో పడుతుంది. కుక్కకు జబ్బు సోకి సరిగ్గా ఎన్ని రోజులైందో మనకు తెలియదు కాబట్టి ఒక్కటే పంపితే రెండో చోట ఉన్నదాన్ని జారవిడుస్తాం. యాంటీబయాటిక్ పడితే రెండు చోట్లా తగ్గిపోతుంది. అప్పుడు వచ్చే నెగెటివ్‌కు అర్థమే ఉండదు.

సీరం మ్యాట్ పరీక్షకు బెంగళూరులోని నివేది అనే పశు రోగాల పరిశోధన సంస్థకు పంపాను. బతికున్న లెప్టోస్పైరాలను రోగి సీరంతో కలిపి, ఎంత పలచన చేసినా అవి గుత్తులుగా అతుక్కుంటున్నాయో డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష అది. మొదటి వారంలో ఈ పలచన అంకె, అంటే టైటర్, తక్కువగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. ఒకటి రెండు వారాల తర్వాత రెండో సీరం పంపి, నాలుగు రెట్లో అంతకంటే ఎక్కువో పెరిగిందా చూడాలి. రెండో సీరం పంపకపోతే మొదటిది పంపిన ఖర్చు వృథా. కుక్క కోలుకున్నాక యజమానులు మళ్లీ రక్తం తీయనివ్వరు. అందుకే మొదటిరోజే చెప్పి ఒప్పించాలి.

వైద్యం: ఒక రాత్రి, ఒక పగలు

ఆంపిసిలిన్ కిలోకు 20 మి.గ్రా. చొప్పున 600 మి.గ్రా. నరానికి. మామూలుగా ఆరు గంటలకోసారి ఇస్తాం, కిడ్నీలు పనిచేయడం లేదు కాబట్టి ఎనిమిది గంటలకోసారి ఇచ్చాను. వాంతులు ఆగేదాకా డాక్సీని పక్కన పెట్టాను. జెంటామైసిన్, అమికాసిన్ వైపు చూడనే వద్దు, ఉన్న కిడ్నీని కూడా పోగొడతాయి. వాంతులకు మారోపిటాంట్, కడుపుకు పాంటోప్రజోల్. స్టెరాయిడ్ ఇవ్వలేదు.

ఎనిమిది శాతం డీహైడ్రేషన్ లెక్కన లోటు 2.3 లీటర్లు. రింగర్ లాక్టేట్ పదకొండుకు మొదలుపెట్టి సాయంత్రం ఐదుకల్లా ఎక్కించాం. యూరిన్ బ్యాగులో ఐదు గంటలకు కొలిస్తే 30 మి.లీ. ఆరు గంటల్లో! గంటకు కిలోకు 0.2 కూడా రాలేదు. ఇంత సెలైన్ ఎక్కాక కనీసం 1 రావాలి, మామూలుగా ఇంకా ఎక్కువ వస్తుంది. నీటి లోటు తీరాకే మూత్రం తెప్పించే ఫ్యూరోసిమైడ్ 60 మి.గ్రా. ఇచ్చాను. లోటు ఉండగా ఇస్తే హాని. బ్యాగు గొట్టంలో చుక్క కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఏడున్నర ప్రాంతంలో గొట్టం మలుపు దగ్గర ముదురు గోధుమ రంగు నీరు కదిలింది. పదకొండున్నరకు బ్యాగులో 190 మి.లీ. ఉంది.

ఆ సంతోషంలో ఇంకో పొరపాటు జరగబోయింది. మూత్రం వస్తోంది కదా అని రాత్రంతా సెలైన్ గంటకు 120 మి.లీ. చొప్పున నడిపించాం. తెల్లవారి ఐదింటికి బరువు చూస్తే 32.1 కిలోలు, దాని మామూలు బరువు కంటే కిలో ఎక్కువ. ఊపిరి నిమిషానికి 24 ఉన్నది 42 అయింది. లెప్టోలో ఊపిరి పెరిగితే గుండె ఆగినంత పనవుతుంది, ఎందుకంటే ఈ జబ్బులో ఊపిరితిత్తుల్లోకి రక్తస్రావం అయ్యే రూపం ఒకటుంది, అది వస్తే బతికేవి తక్కువ. ఎక్స్‌రేలో రక్తస్రావపు మచ్చలు కనిపించలేదు. దగ్గులో, ముక్కులో రక్తం లేదు. నీరు ఎక్కువై ఊపిరి ఆడడం లేదని తేల్చుకుని సెలైన్ ఆపేశాం. ఆ తర్వాత లెక్క మార్చాం. గడిచిన నాలుగు గంటల్లో ఎంత మూత్రం వచ్చిందో అంత, దానికి తోడు ఊపిరిలో, చర్మంలో పోయేదానికి వంద మి.లీ. అంతకు మించి చుక్క ఎక్కించలేదు. రోజుకు మూడుసార్లు బరువు చూశాం. మధ్యాహ్నానికి ఊపిరి 28కి దిగింది.

ఆ 17వ తేదీ క్రియాటినిన్ 8.1. బిలిరుబిన్ 9.6. మూత్రం ఆగిపోతే ఏం చేయాలో ఆ ఉదయమే ఇంటివాళ్లతో మాట్లాడుకున్నాం. కుక్కలకు డయాలసిస్ చేసే చోట్లలో చెన్నైలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ ఒకటి. నాలుగు వందల కిలోమీటర్ల పైన ప్రయాణం, దానికి తోడు ఖర్చు. వరదలో ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు పోయినవాళ్లు వాళ్లు. ఇంటాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చూద్దామండి, ముందు ఇక్కడ మీరు చేసేది చేయండి" అన్నారు. అదృష్టం కొద్దీ ఆ అవసరం రాలేదు. 18న 7.6, 20న 5.2, 22న 3.0, ఇంటికి పంపిన 24న 2.1.

మధ్యలో మరో మలుపు ఉంది. 19న మూత్రం వరదలా వచ్చింది, ఇరవై నాలుగు గంటల్లో 3.7 లీటర్లు. దెబ్బతిన్న నాళికలు నీటినీ ఆపలేవు, పొటాషియాన్నీ ఆపలేవు. పొటాషియం 2.9కి పడిపోయి మెడ వేలాడేసింది. ప్రతి 500 మి.లీ. బాటిల్‌లో పది మి.లీ. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ ఒకటి కలిపి, బాటిల్‌ను తలకిందులుగా నాలుగైదుసార్లు తిప్పి ఎక్కించాం. కలపకుండా వదిలేస్తే బరువుగా ఉన్న మందు అడుగున చేరి ఒక్కసారిగా నరంలోకి పోతుంది, గుండె ఆగిపోతుంది. దీన్ని నేరుగా నరానికి సిరంజితో ఎప్పుడూ ఇవ్వకూడదు. రెండో రోజుకు పొటాషియం 3.8. సెలైన్ ఇప్పుడు మళ్లీ పెంచాల్సి వచ్చింది, ఎందుకంటే పోయేదానికి తగ్గట్టు ఎక్కించకపోతే కిడ్నీ మళ్లీ ఎండుతుంది. రెండు రోజుల ముందు చుక్కలు లెక్కపెట్టి ఆపిన చేతులతోనే బాటిళ్లు వరసగా మార్చాం.

వాంతులు 18 రాత్రికి ఆగాయి. ముక్కులోంచి ట్యూబు వేసి గంజి, ఉడకబెట్టిన గుడ్డు తెల్లసొన, కొంచెం నెయ్యి పల్చగా చేసి ఎక్కించాం. 20న తనంతట తాను రెండు ముద్దల అన్నం నాకింది. అదే రోజు డాక్సీ మొదలుపెట్టాను, కిలోకు 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, అన్నం పెట్టాకే, వెనకాల నీళ్లు పట్టి, 14 రోజులు. మాత్ర గొంతులో అతుక్కుంటే అన్నవాహిక పుండు పడుతుంది. పెన్సిలిన్ జాతి మందులు రక్తంలోని క్రిములను చంపుతాయి, కిడ్నీ నాళికల్లో దాక్కున్నవాటిని పూర్తిగా తుడవలేవు. ఆ పని డాక్సీది. ఆంపిసిలిన్‌తో కుక్క కోలుకుందని అక్కడితో ఆపేస్తే, బాగా ఉన్నట్టే కనిపిస్తూ నెలల తరబడి మూత్రంలో క్రిములు వదులుతుంది.

రిపోర్టులు

పి.సి.ఆర్. 20న వచ్చింది. లెప్టోస్పైరా మూత్రంలో పాజిటివ్, రక్తంలో నెగెటివ్. ఎర్లీషియా, బెబీసియా రెండూ నెగెటివ్. రక్తం ఒక్కటే పంపి ఉంటే నా చేతిలో నెగెటివ్ కాగితం ఉండేది. మ్యాట్‌లో 16వ తేదీ సీరంలో లెప్టో రకాల్లో ఆటమ్నాలిస్‌కు 1:200, కెనికోలాకు 1:100. 28న తీసిన సీరంలో ఆటమ్నాలిస్ 1:1600, కెనికోలా 1:200. ఎనిమిది రెట్లు పెరగడంతో నిర్ధారణ పూర్తయింది. అన్నిటికంటే ఎక్కువ టైటర్ వచ్చిన రకమే జబ్బు తెచ్చిందని ఈ పరీక్ష కచ్చితంగా చెప్పలేదు, ఒక రకానికి పుట్టిన యాంటీబాడీలు ఇంకో రకానికీ అతుక్కుంటాయి. ఈ జబ్బు లెప్టో అన్నది మాత్రం ఖాయం.

కెనికోలాకు ఆ కొద్దిపాటి టైటర్ బహుశా టీకా వల్ల వచ్చింది. బ్రూనోకు 2023 జులైలో టీకా వేయించారు, కార్డు మీద లెప్టో స్టిక్కర్ కూడా ఉంది. మన దగ్గర ఎక్కువగా దొరికే టీకాల్లో ఉన్నవి కెనికోలా, ఇక్టెరోహెమరేజియే అనే రెండు రకాలే. వేరే రకం సోకితే ఆ టీకా మీద పూర్తిగా ఆధారపడలేం. దానికి తోడు లెప్టో రక్షణ సుమారు ఏడాదే ఉంటుంది, ఈ కుక్కకు వేసి పద్నాలుగు నెలలైంది. డిస్టెంపర్, పార్వో టీకాలకు మూడేళ్లు ఆగవచ్చన్న మాట విని లెప్టోను కూడా అలాగే వదిలేస్తున్న ఇళ్లు ఈ మధ్య చూస్తున్నాను. లెప్టోది ఏటా వేయించాల్సిందే, వీలైతే వానలకు ముందే. టీకా వేశాం కాబట్టి లెప్టో కాదని నేను కూడా శనివారం మనసులో అనుకున్నానేమో, గుర్తు లేదు. అనుకుని ఉంటే అది తప్పు.

ఇంట్లో మనుషులు

శనివారం బ్రూనో టేబుల్ మీద పట్టుతప్పి కొంచెం మూత్రం పోసింది. నేను గ్లౌజులు లేని చేత్తో దూదితో తుడిచాను. సోమవారం లెప్టో అనుకోగానే మొదట గుర్తొచ్చింది అదే. అప్పటి నుంచి ఆ కేసు ముట్టుకున్న ప్రతివాళ్లకూ గ్లౌజులు, కాథెటర్ పనికి కళ్లద్దాలు. యూరిన్ బ్యాగులో బ్లీచింగ్ ద్రావణం పోసి పది నిమిషాలు ఉంచాకే పారబోశాం. కుక్కను వేరే కెన్నెల్‌లో పెట్టాం. నేనూ, జూనియరూ మా డాక్టరు గారిని కలిసి చెప్పాం, ఆయన చూసి ఏం చేయాలో చెప్పారు.

ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా అని అడిగితే, ఇంటాయనకు నాలుగు రోజులుగా ఒళ్లు నొప్పులు, పిక్కలు పట్టేస్తున్నాయని తేలింది. వరద పని చేసి అలసిపోయాడనుకున్నారు. ఆయన చేతికి చీటీ రాసిచ్చాను: ఇంటి కుక్కకు లెప్టోస్పైరోసిస్ అనుమానం, ఈయన కూడా అదే నీళ్లలో పనిచేశారు, దయచేసి పరిశీలించండి. కుక్క నుంచి ఆయనకు సోకిందని చెప్పలేం. ఇద్దరూ ఒకే బురదలో ఉన్నారు. ఆ చీటీ చూశాక డాక్టరు గారు ఆ వైపు కూడా చూసి మందులిచ్చారు, ఆయన కోలుకున్నారు. కుక్క డాక్టరు చీటీ మనుషుల డాక్టరుకు పనికొస్తుందా అని మొహమాటపడేవాళ్లుంటారు. పనికొస్తుంది. వరద తర్వాత జ్వరాల్లో డెంగీ, మలేరియా, టైఫాయిడ్ మధ్య ఈ పేరు గుర్తు చేసేవాళ్లు ఒకరుండాలి.

ఇంటావిడ కాలికి వేళ్ల మధ్య ఒరుసుకుని పుండు ఉంది. కుక్క మూత్రం పోసిన చోటును ఆవిడే కడిగేవారు. ఆ పని మానిపించాను. చేయక తప్పకపోతే బూట్లు, గ్లౌజులు వేసుకుని, ముందు మూత్రాన్ని పాత గుడ్డతో పీల్చి, బ్లీచింగ్ ద్రావణం చల్లి, పది నిమిషాలాగి కడగమన్నాను. బురద, మూత్రం అలాగే ఉండగా బ్లీచింగ్ చల్లితే అది వాటి మీదే ఖర్చైపోతుంది. కుక్కను తోటలో తడి మట్టిలో కాకుండా ఎండ పడే సిమెంటు నేల మీద మూత్రం పోయించాలి. గేటు దగ్గర వాళ్లు అన్నం పెట్టే వీధికుక్క ఒకటుంది, అదీ ఆ బురదలోనే తిరిగింది. దానికీ 14 రోజులు డాక్సీ ఇచ్చాం, ఇంటి పిల్లలు లెక్క తప్పకుండా అన్నం ముద్దలో పెట్టారు.

డిసెంబరు

డిసెంబరు రెండో వారంలో బ్రూనో తన కాళ్ల మీద తానే మెట్లెక్కి వచ్చింది. బరువు 30.4. బిలిరుబిన్, ప్లేట్‌లెట్లు మామూలుకొచ్చాయి. మూత్రంలో చక్కెర లేదు, లెప్టో పి.సి.ఆర్. నెగెటివ్. క్రియాటినిన్ 1.6, స్పెసిఫిక్ గ్రావిటీ 1.018. అంటే కొన్ని నాళికలు తిరిగి రాలేదు. కిడ్నీ డైట్, ఎప్పుడూ గిన్నెలో నీళ్లు, మూడు నెలలకోసారి రక్తం, మూత్రం, బీపీ. ఇక నుంచి నొప్పి మందు ఏదైనా నాకు చెప్పకుండా వేయొద్దని కార్డు మీద ఎర్ర సిరాతో రాశాను. మెలాక్సికామ్ అని పేరు కూడా రాశాను.

"ఇదివరకు పొద్దున్నే కాలువ గట్టు మీదికి తీసుకెళ్లేవాళ్లం. ఇప్పుడు తీసుకెళ్లొచ్చాండీ?" అని అడిగింది వాళ్ల పెద్దపాప.

గట్టు మీద నడిపించమ్మా, గొలుసు వదలొద్దు, నీళ్లలోకి దిగనివ్వొద్దు, ఇంటికొచ్చాక కాళ్లు కడిగి తుడువు అన్నాను. ఆ రోజే లెప్టో టీకా వేసి, నాలుగు వారాల తర్వాత రెండో డోసుకు తారీఖు రాసిచ్చాను.